మూడో సీసా

పోయిన వారం క్రేనమ్మను నిచ్చెన సగంలో వదిలేశాం. సముద్రపు గాలికి వణికే ఆ ఇనప నిచ్చెనకు నూట ఎనభై రెండు మెట్లు. పైన గాజు గది, కింద పెట్టెల యార్డు. ఓడల్లో వచ్చిన ఇనప పెట్టెలను ఎత్తి లారీల మీద దించే ఆ క్రేనును తొమ్మిదేళ్ళుగా నడుపుతున్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. యార్డంతటికీ ఆమె క్రేనమ్మే.

ఏడాదిన్నరగా ఆమెకు మూత్రం ఆగడం లేదు. మొదట్లో గంటకోసారి, తర్వాత అరగంటకు, ఈమధ్య ఇరవై నిమిషాలకు. పోయిన ప్రతిసారీ నిప్పుకణిక జారినట్టు మంట. నోరు విప్పితే "ఆడవాళ్ళకు క్రేనెందుకని అందుకే అన్నాం" అంటారని, నీళ్ళు తాగడం మానేసి, లోపల మందపాటి గుడ్డలు పెట్టుకుని, కంపెనీ డాక్టరు గారిచ్చిన మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చింది. ఆ సోమవారం మాత్రం నిచ్చెన సగం దిగేసరికి ఒళ్ళు ఆమె మాట వినలేదు. కింద నిలబడ్డ పదిమంది ఆమె ఖాకీ ప్యాంటు మీద ఎర్రటి తడి చూశారు. సాయంత్రానికల్లా మేనేజరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. పదిహేను రోజులాగి గురువారం పదకొండు గంటలకు వైద్య విచారణ. అంతవరకు క్రేను ఎక్కరాదు.

ఆ గురువారం ఇదే.

ఎనిమిదిన్నరకే క్రేనమ్మ పెద్దాసుపత్రి ల్యాబు కిటికీ ముందు నిలబడింది. పక్కన అత్తగారు. భర్త ఓడలో వంటవాడు. ఏడాదికి తొమ్మిది నెలలు నీళ్ళ మీదే ఉంటాడు. కాబట్టి పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో మిగిలింది అత్తా కోడళ్ళే. ఒకరికొకరు తోడు, ఒకరికొకరు పోరు.

"మందుల కిటికీ దగ్గర వరస పాములా పెరిగిపోతోంది. నేను పోయి నిలబడతాను. నువ్విక్కడ తేల్చుకునిరా," అని అత్తగారు సంచీ చంకన పెట్టుకుని కదిలారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఏదైనా సరే మొహం వేలాడేసుకుని రాకు. ఉన్న జబ్బు చాలు."

ల్యాబులో పనిచేసే ఆవిడ యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంటుంది. క్రేనమ్మ ఏడాదిన్నరలో పోగుచేసిన ఏడు రిపోర్టులనూ ఒకేసారి బల్ల మీద పరిచి చూసిన మొదటి మనిషి ఆవిడే. అంతకుముందు ఎవరు చూసినా పై కాగితం ఒక్కటే చూశారు. నీళ్ళు తాగమ్మా అన్నారు, ఇంకో వారం మాత్రలు రాశారు.

మేనేజరు కాగితం అందిన మర్నాడు, క్రేనమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, ల్యాబావిడ ఏడు కాగితాల మీదా ఏడుసార్లు వేలు పెట్టి చూపించింది. "అన్నిట్లో ఒకటే కథ. చీము కణాలు కుప్పలు కుప్పలు. కల్చరు పెడితే మాత్రం ఏ పురుగూ పెరగలేదు. ఇల్లు దోచుకుపోయారు గానీ దొంగ లేడన్నట్టుంది. దొంగ లేడంటే నమ్ముతామా? మన దీపానికి కనపడని దొంగై ఉంటాడు. మామూలు కల్చరులో పెరగని పురుగొకటుంది. క్షయ."

"నాకు దగ్గు లేదండీ," అంది క్రేనమ్మ.

"క్షయకి ఊపిరితిత్తులు పుట్టిల్లు. అక్కణ్ణుంచి ఏ అవయవానికైనా కాపురానికి పోతుంది. ఈ మాత్రలు ఇవాళ్టితో ఆపు. వీటిలో కొన్ని ఆ పురుగును చంపవు, కాసేపు దాచిపెడతాయి. వారం హాయిగా ఉండి మళ్ళీ మొదలవుతోందా లేదా?"

అవుతోంది. సరిగ్గా అలాగే అవుతోంది. ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"పది రోజులాగి, మూడు రోజులు వరసగా, తెల్లవారి లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టి తీసుకురా. సీసాకి ఒక రోజు. మొదటిది పోగొట్టి రెండోది తెస్తే నాకు తెలిసిపోతుంది," అని మూడు సీసాలు చేతిలో పెట్టింది. ఆ పరీక్షల చీటీ మీద సంతకం పెట్టిన కిడ్నీ డాక్టరు అదే రోజు స్కానుకూ ఛాతీ ఎక్సరేకూ పంపించాడు.

ఇవాళ ఆవిడ కిటికీలోంచి క్రేనమ్మను చూసి లోపలికి రమ్మంది. కుర్చీ చూపించింది. ల్యాబులో కుర్చీ చూపించారంటే మంచి కబురు కాదని క్రేనమ్మకు తెలుసు. నిలబడే ఉంది.

"మొదటి సీసాలో లేదు," అంది ల్యాబావిడ. "రెండో సీసాలో లేదు. నిజం చెప్పొద్దూ, నిన్న సాయంత్రం నాకే నామీద అనుమానం వచ్చింది." కళ్ళజోడు తీసి తుడిచింది. "మూడో సీసాలో దొరికాడు."

క్రేనమ్మ అప్పుడు కూర్చుంది.

"ఇది రోజూ బయటికి రాదు. ఒక రోజు వస్తే రెండ్రోజులు దాక్కుంటుంది. అందుకే మూడడిగాను. రెండు గంటల్లో చెప్పే జీన్ మిషనుంది మా దగ్గర, దాంట్లో తేలింది. అసలు మందుకు లొంగే రకమేనని కూడా చెప్పింది. ఆ లొంగని రకమైతే కథ వేరేగా ఉండేది. కల్చరు కూడా పెట్టాను. దానికి ఆరు వారాలు పడుతుంది, దానికోసం ఆగక్కర్లేదు."

క్రేనమ్మ ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. వచ్చింది ఇంకోటి. ఏడాదిన్నరగా ఆమె బాధకు పేరు లేదు. ఒకాయన వేడి చేసిందన్నాడు. ఒకావిడ భయం వల్ల అంది. కంపెనీ డాక్టరు గారు ఒకసారి నవ్వుతూ, మొగుడు ఓడ దిగి వచ్చినప్పుడల్లా వచ్చే జబ్బులే అన్నారు. ఇంట్లో పడుకున్న మనిషిని లేపి దొంగ నువ్వేనన్నట్టు, ప్రతి గదిలోనూ తప్పు ఆమెదే అయింది. ఇప్పుడు ఆ తప్పుకు ఒక పేరుంది, ఒక అచ్చు కాగితం ఉంది, కింద సంతకం ఉంది.

"ఈ కాగితానికి నకలు కావాలండీ," అంది. "రెండు."

ల్యాబావిడ అడగలేదు, ఎందుకని. రెండు తీసిచ్చింది.

కిడ్నీ డాక్టరు ఆమె కంటే చిన్నవాడు. ఎదురుగా కూర్చోబెట్టి స్కాను ఫిల్ము కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు. ఏదీ దాచే అలవాటు ఉన్నట్టు లేదు.

"కుడి కిడ్నీ బాగుంది. ఎడమది చూడండి, ఈ అంచులు చెదలు కొట్టినట్టున్నాయి. మూడో వంతు పోయింది. అది తిరిగిరాదు. మిగిలిన రెండొంతులూ మందుతో కాపాడుకోవచ్చు, కానీ ఒక చిక్కుంది. కిడ్నీ నుంచి మూత్రసంచిలోకి దిగే గొట్టం పుండుపడి ఇక్కడ ఇరుకైపోతోంది. మందులు పడి పుండు మానేటప్పుడు ఇంకా బిగుసుకుంటుంది. అది మూసుకుపోతే పైన కిడ్నీ పొంగి చచ్చిపోతుంది. అందుకని లోపల సన్నటి స్టెంటు వేసి దారి తెరిచి ఉంచాలి. శనివారం వేస్తాను."

"మూత్రం ఎందుకాగడం లేదు?"

"సంచి కుంచించుకుపోయింది. మామూలుగా రెండు పెద్ద గ్లాసులు పట్టాలి. మీది ఇప్పుడు చిన్న టీ గ్లాసంత ఉంది. ఎవరు మాత్రం ఆపగలరు? మీ సహనం లోపం కాదది."

ఆమె ఆ చివరి మాటను మనసులో ఇంకోసారి అనుకుంది.

"పెరుగుతుందా మళ్ళీ?"

"కొంత పెరగొచ్చు. పెరక్కపోతే మందుల కోర్సు అయ్యాక ఆపరేషను చేసి పెద్దది చేయొచ్చు. ఇప్పుడే మాటివ్వలేను. మందులు ఆరు నెలలు. రోజూ పొద్దున్నే పరగడుపున. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారుపడకండి, అది మందు రంగు. వాంతులైనా, కళ్ళు పచ్చబడినా రండి. ఒక మందు వల్ల అరుదుగా కంటిచూపుకు ఇబ్బంది రావచ్చు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం తగ్గితే ఆ రోజే రావాలి. మీ పనిలో రంగుల లైట్లుంటాయి కదా, నెలనెలా కళ్ళు పరీక్ష చేయిస్తాను. అన్నిటికంటే ముఖ్యం, నెలకో రెణ్ణెల్లకో మంట తగ్గిపోతుంది. తగ్గింది కదా అని ఆపారో, మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి లొంగని రకమై వస్తుంది."

"ఇదెక్కణ్ణుంచి వచ్చింది నాకు?"

"ఎప్పుడో ఎవరి దగ్గు గాలిలోనో పీల్చి ఉంటారు. పదేళ్ళ కిందో పదిహేనేళ్ళ కిందో. రక్తంలో కలిసి కిడ్నీలో చేరి ఇన్నాళ్ళు పడుకుంది. ఇప్పుడు లేచింది. మీ ఛాతీ ఎక్సరే శుభ్రంగా ఉంది, మీ ఊపిరి వల్ల ఎవరికీ అంటుకోదు. అయినా ఇంట్లో వాళ్ళకి ఒకసారి పరీక్ష చేయించాలి. శనివారం తీసుకురండి."

"ఇదంతా కాగితం మీద రాసిస్తారా డాక్టరుగారూ? అంటుకోదన్నది, ఆరు నెలలన్నది. పదకొండింటికి నాకు పనుంది."

ఆయన ఆమెను ఒక్క క్షణం చూసి కలం తీశాడు.

యార్డు డిస్పెన్సరీ రెండు గదుల కట్టడం. ముందుగదిలో బెంచీ, బరువు చూసే మిషను. వెనక గదిలో పొడుగు బల్ల. బల్లకు అటువైపు మేనేజరు, పక్కన కంపెనీ డాక్టరు గారు. డాక్టరు గారికి అరవై దాటాయి. చేతికి మెత్తని మనిషి, నోటికి తీపి మనిషి. యార్డులో సగంమంది పిల్లలకు జ్వరం మందు ఆయనదే. ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

"ఈవిడెవరు?" అన్నాడు మేనేజరు, వెనకాలే వచ్చిన అత్తగారిని చూసి.

"నేనా బాబూ? దీని మొగుడి తరఫు," అని అత్తగారు మూల కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "జబ్బుమనిషిని ఒంటరిగా పంపకూడదని పెద్దలన్నారు. ఏ పెద్దలో నాకు గుర్తులేదు."

మేనేజరు ఆ సంగతి వదిలేసి, ఒక అచ్చుకాగితం బల్ల మీదుగా ముందుకు తోశాడు. "చూడమ్మా, ఎవరికీ ఇబ్బంది లేకుండా తయారుచేయించాను. ఆరోగ్య కారణాల వల్ల మీ అంతట మీరే క్రేను వదులుకుని గేటు పాసుల కిటికీకి మారుతున్నట్టు. నీడ పట్టున ఉద్యోగం. పక్కనే బాత్రూము. సంతకం పెడితే ఇక్కడితో అయిపోతుంది."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే సోమవారం సంగతి రాయాల్సొస్తుంది. పెట్టె గాలిలో ఉండగా క్రేను వదిలి దిగిపోయారని రిపోర్టు వచ్చింది. అది ప్రమాదం కింద లెక్క. అప్పుడు గేటు కిటికీ కూడా ఉండదు."

క్రేనమ్మ జబ్బు గురించి ఏమన్నా పడడానికి సిద్ధపడి వచ్చింది. పని గురించి అంటారనుకోలేదు.

"ఎవరిచ్చారు సార్ ఆ రిపోర్టు?"

"ఎవరైతేనేం?"

"కింద నిలబడ్డవాళ్ళకి నా ప్యాంటు కనపడింది సార్, క్రేను కనపడలేదు. క్రేనులో కంప్యూటరుంది. తీయించండి. పది గంటల పన్నెండు నిమిషాలకు పెట్టె లారీ మీద కూర్చుంది. నాలుగు మూలల తాళాలూ విడిపోయి పచ్చలైట్లు వెలిగాయి. కొక్కేల చట్రం పైకి లాగాను. బ్రేకు వేశాను. వాకీటాకీలో ఐదు నిమిషాలు ఆగమని చెప్పి, లారీ కదిలాక దిగాను. ఆ రోజు అదుపు తప్పింది నా ఒళ్ళు. నా పెట్టె కాదు."

మేనేజరు డాక్టరు గారివైపు చూశాడు. కంప్యూటరు సంగతి మేనేజరుకు తెలియక కాదు, ఈవిడకు గుర్తుంటుందనుకోలేదు.

బల్ల మీద నీళ్ళ సీసా, బోర్లించిన గ్లాసులు ఉన్నాయి. క్రేనమ్మ ఒక గ్లాసు తిప్పి, నిండా పోసుకుంది. గటగటా తాగింది. ఏడాదిన్నరలో యార్డు కంచె లోపల ఆమె గొంతు దిగిన మొదటి నీళ్ళవి. రెండో గ్లాసు కూడా పోసుకుని తాగి, సంచీలోంచి కాగితాలు తీసింది.

"అసలు నా జబ్బేమిటో తెలుసుకోకుండా నన్నెక్కడికి మారుస్తారు సార్? ఇదిగో. పెద్దాసుపత్రి రిపోర్టు. కిడ్నీకి, మూత్రసంచికి క్షయ."

"క్షయా?" డాక్టరు గారు మెల్లగా నవ్వారు, చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు. "నీకు దగ్గేదమ్మా? జ్వరమేది? ఎవరో కుర్ర డాక్టరు భయపెట్టి ఉంటాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆడవాళ్ళకి ఈ మూత్రం మంటలు మామూలే. నీళ్ళు సరిగ్గా తాగరు, ఆపుకుంటారు..."

"ఎందుకు ఆపుకుంటారో ఎప్పుడైనా అడిగారా డాక్టరుగారూ? నూట ఎనభై రెండు మెట్ల పైన బాత్రూము లేదు. మగవాళ్ళు సీసా తీసుకెళ్తారు. నేను దాహం తీసుకెళ్తాను."

మేనేజరు ఆ మాట విననట్టు గోడ గడియారం చూసి, గొంతు సవరించుకున్నాడు. "నిజంగా క్షయే అయితే ఇంకా చిక్కు కదమ్మా. అంటువ్యాధి. ఆ గాజు గదిలో షిఫ్టు మారాక ఇంకొకడు కూర్చోవాలి. మిగతావాళ్ళు ఒప్పుకుంటారా?"

"అంటుకోదు. కాగితంలో రెండో వరస చదవండి."

"మందులు కళ్ళను దెబ్బతీస్తాయని విన్నాను," అన్నారు డాక్టరు గారు. "రంగులు తెలియని మనిషి క్రేను ఎలా ఎక్కుతుంది?"

"ఎక్కనిమ్మని నేనెప్పుడడిగాను? ఆరు నెలలు సెలవడుగుతున్నాను. జబ్బు సెలవు, నా హక్కు. నెలనెలా కళ్ళ పరీక్ష చీటీ తెచ్చిస్తాను. ఆరు నెలలయ్యాక పరీక్ష పెట్టండి. పాసైతే నా క్రేను నాకివ్వండి, ఫెయిలైతే అప్పుడు మాట్లాడండి. వదులుకుంటున్నానని మాత్రం రాయను. నేను వదులుకోవడం లేదు."

అంతలో కడుపు కింద ఆ పాత నొప్పి మొదలైంది. టీ గ్లాసంత సంచి, రెండు గ్లాసుల నీళ్ళు. పదిహేను రోజుల కిందటి క్రేనమ్మ అయితే పళ్ళు బిగించి, కాలి మీద కాలేసుకుని, చెమటలు కారుస్తూ కూర్చునేది. ఇవాళ్టి క్రేనమ్మ లేచి నిలబడింది.

"నేను బాత్రూముకి పోవాలి. ఆఫీసర్ల బాత్రూము తాళంచెవి ఇవ్వండి సార్. నేనొచ్చేదాకా ఏమీ రాయకండి."

మేనేజరు ఎర్రబడ్డాడు. ఇలాంటి మాట ఒక ఆడమనిషి బల్లకెదురుగా నిలబడి, గొంతు తగ్గించకుండా అనడం ఆయన ఉద్యోగంలో అదే మొదలు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

బాత్రూము ఆ గది గోడకు అటువైపే. మంట ఎప్పటిలాగే వచ్చింది, గోడకు చెయ్యానించి నిలదొక్కుకుంది. పైన వెంటిలేటరులోంచి అత్తగారి గొంతు స్పష్టంగా వినపడుతోంది.

"బాబూ మేనేజరూ, చెరువు మీద అలిగి కడుక్కోకుండా వెళ్ళాడట నీలాంటివాడొకడు. నష్టం ఎవరికి? తొమ్మిదేళ్ళలో ఇది ఒక్క పెట్టె జారవిడిచిందా? పోనీ నీ మగ క్రేనుగాళ్ళు ఎన్ని పడేశారో నన్ను చెప్పమంటావా? ఇది అన్నం తింటూ అన్నీ చెప్తుంది నాకు."

"పెద్దావిడా, మీరు కాస్త..."

"నేను కాస్త కాదు, చాలానే మాట్లాడతాను. ఓ డాక్టరుగారూ, మీరు మంచివారే. మా కొడుక్కి పచ్చకామెర్లు తగ్గించారు. ఈ పిల్ల ఏడుసార్లు వస్తే ఏడుసార్లూ ఒకటే మాత్ర ఇచ్చారే, తాళం తెరుచుకోకపోతే తాళంచెవి మార్చి చూడరూ?"

 క్రేనమ్మకు ఆ మంటలోనే నవ్వొచ్చింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, తీరిగ్గా తిరిగివచ్చింది.

వచ్చి, ఏడు రిపోర్టులను డాక్టరు గారి ముందు పరిచింది, ల్యాబావిడ పరిచినట్టే, తేదీల వరసలో.

"ఇవి మీరు రాయించినవే డాక్టరుగారూ. చదవండి. నేను చదువుకున్నది తక్కువ, మీరే చదివి నాకు చెప్పండి."

డాక్టరు గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. మొదటిది చదివారు. రెండోది తీశారు. మూడో కాగితం దగ్గర ఆయన వేలు ఆగింది. మళ్ళీ మొదటిదానికి వెళ్ళారు.  చీము కణాలు, పెరుగుదల లేదు. చీము కణాలు, పెరుగుదల లేదు. ఏడో కాగితం పక్కన పెట్టేసరికి ఆయన మొహంలో తీపి పోయింది. ముసలితనం ఒక్కటే మిగిలింది.

"ఏడింటినీ ఇలా పక్కపక్కన పెట్టి చూడలేదు నేను," అన్నారు. "వచ్చినప్పుడు వచ్చిన కాగితం చూశాను. చదువుకునే రోజుల్లో మా గురువులు చెప్పారు ఈ మాట. చీముండి పురుగు లేకపోతే క్షయ అనుకోమని. పరీక్షలో రాశాను కూడా."

"సార్..." అన్నాడు మేనేజరు, హెచ్చరికగా.

డాక్టరు గారు చెయ్యెత్తి ఆయన్ను ఆపారు. "కాగితంలో స్టెంటని ఉంది. ఎప్పుడేస్తారట?"

"శనివారం."

"వేయించుకో. ఆలస్యం చేయకు." ఆయన గేటు కిటికీ కాగితం తీసి, ఎవరినీ అడక్కుండా, తన ఫైలు అడుగున పెట్టేశారు. సొరుగులోంచి ఇంకో ఫారం తీశారు. "ఆరు నెలల జబ్బు సెలవు. తర్వాత పునఃపరీక్ష. పాత పనికే. డాక్టరుగా నేను రాస్తాను. మీరు వద్దనాలంటే మీ కారణం మీరే రాసుకోండి మేనేజరుగారూ. నా సంతకం కింద మాత్రం కాదు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, ముందున్న ఫైలు మూసేశాడు. అప్పటికి అదే చాలు.

  క్రేనమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారివైపు తిరిగి చూసింది, చూశారా అన్నట్టు. ఆవిడ ముక్కు ఎగరేశారు, నాకు ముందే తెలుసన్నట్టు.

డాక్టరు గారు ఒక్కో గడీ నింపుతూ పైకి చదువుతున్నారు. వయసు. బరువు. షుగరు ఉందా, లేదు. మందులేవైనా పడవా, తెలియదు. అన్నిటికీ క్రేనమ్మ టకటకా జవాబు చెప్పింది.

"ఇంట్లో ఎవరికైనా, ఎప్పుడైనా, క్షయ వచ్చిందా?"

"లేదండీ," అంది క్రేనమ్మ.

డాక్టరు గారు కలం పెట్టబోయారు.

"ఆగండి," అన్నారు అత్తగారు.

అంతసేపు గదిని ఏలిన ఆ గొంతు కాదది. క్రేనమ్మ తిరిగి చూసింది. అత్తగారు చంకలోని సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని తాడును వేలికి చుట్టుకుంటున్నారు.

"వచ్చింది. రాయండి."

"ఎవరికి?"

"నాకు."

 డాక్టరు గారు కలం కింద పెట్టారు.

"ఎప్పుడమ్మా?"

"ఈ పిల్ల కాపురానికొచ్చిన ఏడాది. పద్నాలుగేళ్ళయింది. ఛాతీలో. పక్కూరి ఆసుపత్రిలో చూపించుకున్నాను, ఇక్కడెవరికీ తెలియకూడదని. ఆరు నెలలు మింగమన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గింది. మానేశాను." ఆవిడ కోడలివైపు చూడకుండా, బల్ల మీదున్న ఏడు కాగితాలతో చెప్తున్నట్టు చెప్పారు. "ఆ చలికాలమంతా నేనూ ఇదీ ఒకే గదిలో పడుకున్నాం. కిటికీ మూసుకుని."

పదేళ్ళ కిందో, పదిహేనేళ్ళ కిందో. ఎవరి దగ్గు గాలిలోనో. కిడ్నీ డాక్టరు మాటలు వినేటప్పుడు అత్తగారు మందుల వరసలో ఉన్నారు. క్రేనమ్మ ఒక్కతే విన్నది. ఇప్పుడు ఆ మాటలకు ఒక గది వచ్చింది, ఒక చలికాలం వచ్చింది. తనకు పంతొమ్మిదేళ్ళు అప్పుడు. ఈవిడ దగ్గుతుంటే లేచి వీపు రాసింది. పొడిదగ్గని నమ్మింది.

కోపం రావలసిన చోట కోపం ఇంకా రాలేదు. అది ఎక్కడో బయల్దేరింది, దారిలో ఉంది.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్తానన్నాను." అత్తగారు మొదటిసారి తలెత్తారు. ఆ కళ్ళలో బతిమాలడం లేదు. చాలాకాలం మోసిన బరువు ఎక్కడ దించాలో తెలియని మనిషి చూపు. "మందులు తెచ్చుకున్న మొదటిరోజే చెప్తానన్నాను. దూరంగా పడుకుంటానన్నాను. వాడే వద్దన్నాడు."

"ఎవరు?"

"ఇంకెవరు? నీ మొగుడు. పెళ్ళై మూడు నెలలు. తెలిస్తే పుట్టింటికి పోతుందమ్మా, చెప్పొద్దు అన్నాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు. ఓడెక్కి వెళ్ళిపోయాడు."

క్రేనమ్మ చెయ్యి చాపి, డాక్టరు గారి ముందున్న కలం తీసుకుంది. ఫారం తనవైపు తిప్పుకుంది. ఆ గడిలో, గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా రాసింది: అవును. అత్తగారికి. పద్నాలుగేళ్ళ కింద. మందులు మధ్యలో ఆపారు. రాసి, కలానికి మూత పెట్టింది.

ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం ఓడ నుంచి ఫోను చేసి, మంట తగ్గిందా అని అడుగుతున్న మనిషి గొంతు ఆమెకు చెవి పక్కనే వినపడింది. అడిగేవాడు. ఆమె తగ్గలేదనేది. కాసేపు మాట్లాడకుండా ఉండేవాడు. దూరం వల్ల అనుకునేది.

"అత్తయ్యా," అంది. "ఇంకా ఏమేం చెప్పొద్దన్నాడు?"

అత్తగారి వేలికి చుట్టుకున్న తాడు ఆగిపోయింది. ఆవిడ నోరు తెరిచారు, మళ్ళీ మేనేజరు వంక చూసి మూసుకున్నారు.

మేనేజరు తనంతట తానే లేచి, బయటికి నడిచి, వెనకాల తలుపు దగ్గరగా వేశాడు.

"రెండేళ్ళ కింద వాడు ఓడ దిగి వచ్చినప్పుడు," అన్నారు అత్తగారు, "ఇంటికి రాకముందు ఆరు వారాలు ఎక్కడున్నాడో నీకు తెలుసా?"